మూడో గడి

మా ఊళ్ళో ఒళ్ళు నొప్పులు రోగం కిందికి రావు. "పానం ఎట్లుంది?" అని ఎవరినైనా అడిగితే, "నొప్పులే, ఇంకేం లేదు, మంచిగున్న" అంటారు. ఇందులో మాకు నవ్వొచ్చే సంగతేమీ కనబడదు. బయటివాళ్ళు నవ్వితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మాది మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. బోరింగు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, తాగొద్దు అని రాసిన రేకు బోర్డు నేను అక్షరాలు కూడబలుక్కునే వయసుకే ఊళ్ళో ఉంది. ఆ బోర్డు చదివి, ఆ బోరింగే కొట్టి, దోసిలి పట్టి తాగి బడికి పోయేదాన్ని. వేరే నీళ్ళు ఎక్కడున్నాయని? నా పళ్ళ మీద ఇప్పటికీ ఆ గార పోలేదు. మా ఈడువాళ్ళ పెళ్ళి ఫొటోలు చూడండి, ఒక్క పెళ్ళికూతురూ పళ్ళు కనబడేలా నవ్వదు. చూసినవాళ్ళు ఎంత సిగ్గరులో అనుకుంటారు.

మా బాపు సంగతి వేరు. ఆయనకు ఆ నీళ్ళు ఎముకల్లోకి దిగాయి. నలభై దాటేసరికి నడుము వంగింది, మెడ బిగుసుకుపోయింది. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అయినా రోజూ గొర్లను తోలుకుని గుట్టల వైపు పోయేవాడు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. "గొర్లు కిందికే ఉంటయి బిడ్డా, తలకాయ ఎత్తే పని లేదు. దేవుడు నాకు తగ్గ పనే ఇచ్చిండు" అనేవాడు. పైన విమానం పోతుంటే పిల్లలు అరుస్తూ వేలు పెట్టి చూపించేవాళ్ళు. "మీరు సూడుండ్రి, నేను సప్పుడు ఇంట" అనేవాడు.

ప్రపంచం తలకిందులైన రోజులను మేం టీవీలోనే చూశాం. ఎక్కడో సముద్రం లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. ఎక్కడో భూమి కదిలి మేడలు కుప్పకూలాయి. ఇంకెక్కడో యుద్ధంలో పిల్లలను దుమ్ములోంచి బయటికి తీస్తున్నారు. అమ్మ కంచం పక్కన పెట్టి "అయ్యో, పాపం" అనేది. బాపు ఒళ్ళంతా టీవీ వైపు తిప్పి కూర్చుని ఒకటే మాట అడిగేవాడు. "గాళ్ళకు తాగె నీళ్ళు మంచియేనా?" ఏ దేశమైనా, ఏ ఆపదైనా ఆయన ప్రశ్న అదే. నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి విసుగొచ్చేది. మేడ కూలి మీద పడి చచ్చినవాడికి నీళ్ళ సంగతి ఎందుకని కసిరేదాన్ని. "సచ్చినోని సంగతి గాదు, మిగిలినోళ్ళు తాగాలె గద" అనేవాడు.

తెలంగాణ వచ్చాక మా ఊరికి నల్లాల్లో కృష్ణ నీళ్ళు వచ్చాయి. ఈ మాట నేను ఎవరి మెప్పు కోసమూ చెప్పడం లేదు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, రోజూ పిల్లల నోళ్ళు చూస్తాను, ఇప్పటి పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. కానీ వంగిన ఎముకలను ఏ నీళ్ళూ తిరిగి నిలబెట్టవు. ముసలివాళ్ళు నొప్పుల గోలీల మీదే నడిచేవాళ్ళు, ఇప్పటికీ అంతే. మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా దేవుడి అలమరలో, కుంకుమ బరిణె పక్కన, గోలీల డబ్బా ఒకటి ఉంటుంది. పొద్దున్నే చాయ్‌తో ఒకటి వేసుకుంటేనే కాళ్ళు కదులుతాయి. బాపు కూడా అంతే. చాయ్ ఆలస్యమైతే ఊరుకునేవాడు గాని, గోలీ ఆలస్యమైతే అమ్మ మీద చిర్రుబుర్రులాడేవాడు.

కరోనా వచ్చిందని టీవీలో మొదట చెప్పినప్పుడు కూడా బాపు అదే అడిగాడు, చైనాలో నీళ్ళు మంచివేనా అని. ఆ ఏడు మాకు పెద్దగా ఏమీ కాలేదు. పట్నంలో పనులు పోయి మావాళ్ళు నడిచి, లారీలెక్కి, ఎట్లాగో ఊరు చేరారు. వాళ్ళను బడిలో ఉంచాం, పద్నాలుగు రోజులు గేటు బయట నుంచే అన్నం పెట్టాం. కరోనా అంటే పట్నం రోగం, మన ఎండకు బతకదు అని ఊరంతా గట్టిగా నమ్మింది. నేనూ నమ్మాను. చదువుకున్నదాన్నే అయినా నమ్మాను.

రెండోసారి వచ్చినప్పుడు ఎండలు ముదిరాయి. ఇంటింటికీ తిరిగి జ్వర సర్వే చేయమన్నారు. నన్నూ ఆశా కార్యకర్తనూ జత చేశారు. ఆమె మా ఊరి ముస్లిం ఆమె, నాకంటే పెద్దది, నేను ఆపా అని పిలుస్తాను. అవి రంజాన్ రోజులు. ఆపా ఉపవాసంతో, గుక్కెడు నీళ్ళు తాగకుండా, నెత్తిన చున్నీ కప్పుకుని నాతో ఎండలో తిరిగింది. చేతిలో నుదుటికి గురిపెట్టే జ్వరం మిషన్, ఒక అట్టకు క్లిప్పు పెట్టిన ఫారాలు, సంచిలో మందుల కిట్లు. ఫారంలో ఒక్కో మనిషికి మూడు గడులు. జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు. ఏదైనా "ఉంది" అని రాస్తే ఆ మనిషికి కిట్టు ఇవ్వాలి, పేరు పైకి పంపాలి, మర్నాడు మళ్ళీ పోయి చూడాలి.

మొదటి రోజు మధ్యాహ్నానికే సంచి ఖాళీ అయింది. జ్వరం ఎవరికీ లేదు, దగ్గు ఒకరిద్దరికి. నొప్పులు మాత్రం ఇంటింటా ఉన్నాయి. మనిషి మనిషికీ ఉన్నాయి. ఒక ముసలమ్మ అయితే "నొప్పులున్నయా?" అని అడగ్గానే నా చెయ్యి పట్టుకుని "ఇన్నేండ్లకు అడుగ ఒచ్చిండ్రా బిడ్డా" అని కూర్చోబెట్టి, మెడ నుంచి మడమ దాకా ఒక్కొక్క చోటూ చూపించింది. సాయంత్రం పైనుంచి ఫోన్. "ఊరంతా కరోనా అని రాసిండ్రేందమ్మా, చూసి రాసేది లేదా?" అని. చూసి రాసినందుకే తిట్లు పడ్డాయని నాకు మండుకొచ్చింది.

రెండో రోజు పొద్దున నేనే అన్నాను. "ఆపా, మూడోది అడుగొద్దు. నొప్పులు మనోళ్ళకు కొత్తయా?"

ఆపా తటపటాయించింది. "అడుగమని రాసిండ్రు గద చెల్లె."

"రాసినోళ్ళు మన మండలం సూసిండ్రా? మనోళ్ళు నొప్పులతోనే పుట్టిండ్రు. మూడో గడిల లేవు అని రాసుకుంట పోదాం, నిన్నటియి గూడ దిద్దుదాం. జ్వరం, దగ్గు సాలు."

నేను టీచర్‌ని, రాసేది నేను, నా మాట చెల్లింది. ఇది నేను చెప్పిన మాటే. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా దీన్ని వేరెవరి మీదికీ నెట్టలేకపోయాను. ఆ రోజు మాత్రం తెలివైన పని చేశానని సంతోషపడ్డాను. పని చకచకా సాగింది.

మూడో రోజు మా తల్లిగారి వాడ. నన్ను ఇచ్చింది ఊళ్ళోనే, మా అత్తగారింటికీ తల్లిగారింటికీ మధ్య రెండు సందులే దూరం. పొద్దున పది గంటలయి ఉంటుంది. బాపు గొర్ల దొడ్డి పక్కన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొర్లను ఇంకా విడవలేదు. రోజూ ఆ వేళకు గుట్ట దాటే మనిషి. అది నేను చూశాను. చూసి కూడా, ఎండ ఎక్కువుందని ఆగాడేమో అనుకున్నాను.

"తాసిల్దారమ్మ ఒచ్చింది, లేచి నిలవడాల్నా?" అన్నాడు నన్ను చూసి.

"కూసో కూసో. నువ్వు నిలవడ్డా కూసున్నా ఒకటే ఎత్తు" అన్నాను. మాకు అలాంటి వేళాకోళాలు అలవాటే.

నుదుటికి మిషన్ పెట్టాను. తొంభై ఏడు. జ్వరం లేదు, దగ్గు లేదు. అప్పటికి మూడో ప్రశ్న అడగడం మానేశాం కదా, అయినా మా బాపును ఆట పట్టిద్దామని అడిగాను.

"నొప్పులున్నయా బాపూ?"

"నొప్పులు ఎన్నడు లేవు బిడ్డా? ఇయ్యాల జర ఎక్కువున్నయి."

అందరం నవ్వాం. ఆపా మాస్కు వెనక నవ్వింది, నేను పకాలున నవ్వాను. ఎందుకంటే మా ఊళ్ళో ఆ ప్రశ్నకు ముసలివాళ్ళందరి జవాబూ అదే, ఇయ్యాల జర ఎక్కువే అని. బాపు కూడా నవ్వాడనే నాకు గుర్తు. లేక నేను అట్లా గుర్తు పెట్టుకున్నానో, చెప్పలేను. మూడు గడుల్లోనూ "లేదు", "లేదు", "లేవు" అని రాసి, పక్కింటికి పోయాం.

మర్నాడూ ఆయన గొర్లను విడవలేదు. పక్కింటివాళ్ళ మందలో కలిపి పంపారు. ఆ మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "మీ బాపు ఎట్లనో ఉన్నడే. పిలుస్తె ఊ అంటుండు గని లేస్తలేడు. రెండు గోలీలు ఏసిన." పరుగెత్తాను, దారిలో ఆపాను కూడా పిలుచుకున్నాను. అప్పుడు కూడా నుదుటి మిషన్ తొంభై ఎనిమిదే చూపించింది. ఆపా తన సంచిలోంచి వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తీసి బాపు వేలికి తగిలించింది. దాని మీద అంకె చూసి నా మొహం చూసింది. మళ్ళీ తీసి, తన వేలికి పెట్టుకుని చూసి, మళ్ళీ బాపు వేలికి పెట్టింది. ఎనభై రెండు. మిషన్ చెడిపోయి ఉంటే బాగుండునని ఇద్దరం ఒకేసారి అనుకున్నామని నాకు తెలుసు.

అంబులెన్స్ నల్లగొండ తీసుకుపోయింది. అమ్మను రానివ్వలేదు. నేను పోయాను. మంచం దొరికింది, ఆక్సిజన్ దొరికింది, ఆ రోజుల్లో అదే గొప్ప. డ్యూటీలో ఉన్న నర్సమ్మ మంచిది, ఎవరి మీదా విసుక్కోలేదు.

"బోర్ల పండవెట్టుండ్రి అమ్మా, ఊపిరి మంచిగందుతది" అంది.

"బోర్ల పండలేడమ్మా" అన్నాను.

చుట్టుపక్కల మంచాల మీద అందరూ బోర్లా పడుకుని ఉన్నారు. ఆమె, నేను, ఇంకొకరి కొడుకు ముగ్గురం కలిసి పట్టాం. కడుపు కింద దిండ్లు పెట్టాం, ఆయన గొంగడి మడిచి పెట్టాం. వంగిన వెన్ను ఆ పక్కకూ వంగదు, ఈ పక్కకూ సాగదు. "ఇడువుండ్రి, ఇడువుండ్రి" అని మూలిగాడు. చివరికి ఒక పక్కకు ముడుచుకుని పడుకోబెట్టి వదిలేశాం. మిగిలినవాళ్ళకు దక్కిన ఆ కొంచెం ఊపిరి కూడా మా బాపుకు దక్కలేదు. ఆ బోరింగు నీళ్ళ మీద నాకు జీవితంలో ఎన్నడూ రానంత కోపం అప్పుడు వచ్చింది. పళ్ళు పోతే పోయాయి, నడుము పోతే పోయింది, ఊపిరిని కూడా పట్టుకోవాలా?

నర్సమ్మ బాపు జేబులో గోలీల పట్టీ చూసింది. "రోజు ఏసుకుంటడా?"

"రోజు."

"ఇవి ఏసుకుంటె జ్వరం ఏడ కనవడతదమ్మా?" అంది, తిట్టినట్టు కాదు, మామూలుగా. తర్వాత ఆమె కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "నొప్పులు ఎప్పటిసంది ఎక్కువైనయి?"

నాకు తెలుసు. ఏ రోజో తెలుసు, ఏ వేళో తెలుసు. ఆయన ఏ మాటల్లో చెప్పాడో కూడా తెలుసు.

"తెల్వదమ్మా" అన్నాను.

ఆయన నాలుగు రోజులున్నాడు. మూడో రోజు కాస్త తేరుకున్నట్టు కనిపించి, మూతికున్న మాస్కు తప్పించి "గొర్లకు నీళ్ళు వెట్టిండ్రా?" అని అడిగాడు. పెట్టారని చెప్పాను. నాలుగో రోజు పొద్దున పోయాడు. తెల్ల సంచిలో పెట్టి తీసుకుపోయారు. ఆయన గొంగడి ఆయన మీద కప్పి పంపమని అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. అడిగాను, కుదరదన్నారు. ఆ సంచులన్నీ తిన్నని మనుషుల కొలతకు కుట్టినవి. వంగిన మనిషిని అందులో ఎట్లా పెట్టారో నేను చూడలేదు. గొంగడి పట్టుకుని ఒక్కదాన్నే ఊరికి వచ్చాను.

నెల తిరిగాక మండలంలో మీటింగు పెట్టారు. సర్వే కాగితం చదువుతూ మా ఊరి దగ్గర ఆగి, "ఒళ్ళు నొప్పులు, సున్నా" అని, బాగా కంట్రోల్ చేశారని మెచ్చుకున్నారు. మాటకు ముందే లేచి అరిచే మనిషిని, ఆ రోజు లేవలేదు. పక్కన ఆపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటికి వచ్చాక "చెల్లె, నేనన్న గట్టిగ చెప్పాల్సుండె" అంది. నేను ఆమెను ఓదార్చలేదు. ఓదారిస్తే నాకు కూడా ఓదార్పు కావాలనిపిస్తుందని భయమేసింది.

అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. జ్వరం రాని కరోనా వచ్చిందట, దాన్ని ఎవరూ పట్టలేరట అని ఊళ్ళో అనుకున్నారు. అమ్మ కూడా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. నేను పక్కన కూర్చుని వింటూ ఉండేదాన్ని. దానివల్ల నేను ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. ఊళ్ళో ఏ ముసలివాళ్ళు కలిసినా "నొప్పులు నిన్నటి కంటె ఎక్కువున్నయా, అంతేనా?" అని అడగడం. మొదట్లో చెప్పేవాళ్ళు, తర్వాత తప్పించుకు తిరిగారు. "ఈమె కనవడితె లేని నొప్పి లేస్తది" అని నా వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాయి. పోయిన నెల అమ్మను అలవాటుగా అడిగాను.

"జర ఎక్కువే ఉన్నయి బిడ్డా" అంది.

ఎక్కడ, ఎప్పటిసంది, ఆయాసం ఉందా, గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నావని ఊపిరి తిప్పుకోనివ్వకుండా అడిగాను. వద్దు వద్దంటున్నా ఆటో ఎక్కించి నల్లగొండ తీసుకుపోయాను. రక్త పరీక్ష, ఛాతీ ఫొటో, ఎముకల ఫొటో అన్నీ తీయించాను. డాక్టరు ఫొటోను వెలుతురుకు పెట్టి చూసి, "కొత్తదేం లేదమ్మా, ఫ్లోరైడ్ నొప్పులే, మీకు తెలిసినవే" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆయన చేతులు పట్టుకుని దండం పెట్టాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక గాని నేను దేనికి సంతోషపడ్డానో నాకు తెలియలేదు.

అమ్మను ఆటోలో తిరిగి తీసుకొస్తున్నాను. రోడ్డుకు అటూ ఇటూ పత్తి చేలు. మధ్యాహ్నం ఎండ ఆమె ఒళ్ళోకి పడుతోంది. ఎక్స్‌రే కవరు అడ్డం పెట్టుకుని అంది.

"మీ బాపును గూడ గిట్ల ఎంటనే తోల్కపోయుంటె బతుకుతుండెనేమో. ఆయనకు నొప్పులెక్కువైనట్టు మనకెరుకైతె గద."

ఇన్నేళ్ళు మోసినదాన్ని ఇక మోయడం నా వల్ల కాలేదు.

"ఎరుకే అమ్మా. సర్వే నాడు చెప్పిండు. ఇయ్యాల ఎక్కువున్నయని నాకు చెప్పిండు. నేను రాయలే. లేవు అని రాసిన."

అమ్మ నా వైపు చూడలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. కవరు అంచు గోటితో గీకుతూ కూర్చుంది.

"నేనాడ లేనా?" అంది. "తలుపుకాడనే ఉంటి. చాట వట్టుకొని నిలవడ్డ. నువ్వడిగినవు, ఆయన చెప్పిండు, మీరు నవ్విండ్రు."

"అమ్మా..."

"నేను గూడ నవ్విన గదనే."

అప్పుడు నాకు తెలిసింది, జ్వరం రాని కరోనా అని వచ్చినవాళ్ళందరికీ ఆమె ఎందుకు చెప్పుకొచ్చిందో. నేను ఆమె దగ్గర దాచుకున్నదే ఆమె నా దగ్గర దాచుకుంది, రెండు సందుల దూరంలో, ఇన్నేళ్ళు.

మా ఊరి బస్సు స్టేజీ దగ్గర ఆటో ఆగింది. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి, అమ్మ దిగలేకపోయింది.

"ఎక్కువున్నదా?" అని అడిగాను.

"ఉన్నది" అంది.

ఆటో ఆయనను ఆగమని చెప్పి, ఆమె కాళ్ళు సాగేదాకా పక్కన నిలబడ్డాను.